కథ చెప్పిన అవ్వ పేరెక్కడ?

సంపాదకులు గారికి,

నమస్కారం.

స్త్రీల కథలతో ఒక ప్రత్యేక సంచిక తేబోతున్నామనీ, స్త్రీపురుష సమానత్వాన్నీ మన ప్రాంత సంస్కృతినీ చాటే రచనలు పంపమనీ కిందటి ఆదివారం మీ అనుబంధంలో వేసిన ప్రకటన చూసి సంతోషించాను. అయితే ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, ఉద్యోగ విరమణ తర్వాత అనంతపురం జిల్లాలో ఊళ్లు తిరుగుతూ ముసలివాళ్ల నోట కథలు విని రాసుకుంటున్న నాకు, ఆ ప్రకటన చివరి వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. ఎంపికైన రచనలను అవసరమైన మేరకు సంస్కరించి ప్రచురిస్తామన్నారు. ఈ ఉత్తరం ఆ 'సంస్కరించి' అన్న మాట గురించే.

కొన్నేళ్ల కిందట, నేనింకా బడిలో ఉండగా, ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక కథ విని, వాళ్లు చెప్పింది చెప్పినట్టే నోటు పుస్తకంలో రాసుకురమ్మన్నాను. చాలామంది ఏడు చేపల కథే తెచ్చారు. ఇద్దరు టీవీలో చూసింది రాసి అవ్వ చెప్పిందన్నారు. ఒక అమ్మాయి మాత్రం నాలుగు పుటలు నింపుకుని వచ్చింది. వాళ్ల అవ్వ కూలి పనికి పోయి వచ్చి, రాత్రిపూట చెనిక్కాయలు వలుస్తూ చెప్పిన చెరువు గండి కథ అది.

మా జిల్లాలో ఆ కథ తెలియనివాళ్లు అరుదు. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు, బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలైతేనే కట్ట నిలుస్తుందని గ్రామదేవత పలికిందనీ, ఆమె గండిలోకి నడిచి వెళ్లిందనీ చెప్పుకుంటారు. ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే అంటారు. 19వ శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో, మద్రాసులో కళాశాల విద్యార్థిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి దీన్నే 'ముసలమ్మ మరణము' అన్న కావ్యంగా రాశారు. నేనూ ఎన్నో ఏళ్లుగా దాన్ని త్యాగం గురించిన కథగానే పిల్లలకు చెబుతూ వచ్చాను. ఈ అవ్వ చెప్పిన తీరు వేరు. ఆమె కథలో కోడలు గండి అంచున నిలబడి వెనక్కి తిరిగి మామనూ ఊరి పెద్దలనూ ఒక్క మాట అడుగుతుంది: "నీళ్లు అందరి మళ్లకీ పారల్ల, గండికి మాత్రం నేనొక్కదాన్నే పోవల్లనా?" ఆ తర్వాత అవ్వ చెప్పిన ముగింపును ఆ పిల్ల రాసింది రాసినట్టే ఇస్తున్నాను: "జవాబు చెప్పినోడు లేడు. ఆయమ్మ పాయ. ఇప్పటికీ కట్ట మీద గాలి రేగితే అడుగుతాంటాదంట."

అది చదివి కాసేపు తరగతిలో నాకు మాట పెగల్లేదు. నాకు పాఠ్యపుస్తకాలు నేర్పని సంగతి ఒకటి చెనిక్కాయలు వలిచే చేతుల దగ్గర దొరికింది. ఆ రోజుల్లోనే ఒక సంస్థవారు బాలికల సాధికారత పేరిట పిల్లల కథల పుస్తకం వేస్తున్నామని బడులకు ఉత్తరాలు రాయడంతో, ఆ నాలుగు పుటలనూ శుభ్రంగా నకలు తీసి, పైన అవ్వ పేరు, కింద మనవరాలి పేరు రాసి నేనే పంపాను.

ఆరు నెలలకు పుస్తకం వచ్చింది. మంచి కాగితం, రంగుల బొమ్మలు. కథకు 'త్యాగమూర్తి' అని పేరు పెట్టారు. చెనిక్కాయలు వేరుశనగకాయలయ్యాయి. కోడలి ప్రశ్న లేదు. దాని చోట, ఊరి క్షేమమే తన క్షేమమని తలచి ఆమె చిరునవ్వుతో గండిలో అడుగుపెట్టిందన్న వాక్యం ఉంది. అవ్వ పేరు ఎక్కడా లేదు. సేకరణ అంటూ నా పేరు మాత్రం స్పష్టంగా ఉంది. ఫోన్ చేసి అడిగితే, యాస ఇతర జిల్లాల పాఠకులకు అందదనీ, పిల్లల పుస్తకంలో కోడలు పెద్దవాళ్లను నిలదీయడం బాగుండదనీ ఎంతో మర్యాదగా చెప్పారు. బాలికల సాధికారత కోసం వేసిన పుస్తకం సుమండీ అది.

ఆ అమ్మాయి పుస్తకం ఇంటికి తీసుకువెళ్లి అవ్వకు చదివి వినిపించింది. మర్నాడు బడికి వచ్చి అవ్వ అన్న మాట నాకు చెప్పింది: "ఎవురి కతనో బాగుండాది. నాది మాత్రం కాదు."

ఇదేదో ఒక చిన్న సంస్థ అజాగ్రత్త అని సరిపెట్టుకోవచ్చు. కానీ తెలుగు అచ్చుపుస్తకాల చరిత్ర తెలిసినవారికి ఈ కత్తెర కొత్తది కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అనే శృంగార ప్రబంధం రాసింది. కావ్యం మొదట్లో కవి తన వంశాన్నీ గురువులనూ చెప్పుకోవడం మన ఆనవాయితీ. ముద్దుపళని కూడా చెప్పుకుంది. అయితే తన ఇంటి ఆడవాళ్లను, వాళ్ల విద్వత్తును తలచుకుంటూ చెప్పుకుంది. 19వ శతాబ్దం చివర ఆ కావ్యాన్ని మొదట అచ్చువేసినప్పుడు సరిగ్గా ఆ పీఠికే ఎగిరిపోయింది. దానితోపాటు కొన్ని పద్యాలూ పోయాయి. సంగీత విదుషి బెంగుళూరు నాగరత్నమ్మకు మొదట దొరికింది ఆ కోత పడిన ప్రతే. ఆమె అంతటితో ఆగలేదు. రాతప్రతి సంపాదించి, రెంటినీ పోల్చుకుని, లోపించినవన్నీ చేర్చి 1910లో వావిళ్ల ప్రచురణ సంస్థ ద్వారా సమగ్ర ప్రతిని వెలువరించింది.

తర్వాత జరిగింది చాలామందికి తెలిసిందే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకుముందే తమ కవుల చరిత్రలో, ఆ కావ్యంలోని కొన్ని భాగాలు స్త్రీలు వినదగినవి కావనీ, ఒక స్త్రీ నోట రావలసినవి అసలే కావనీ మందలించారు. స్త్రీవిద్య కోసం అంత పాటుపడిన మనిషి, రాసే స్త్రీకి మాత్రం వేరే కొలబద్ద పెట్టారు. సిగ్గు బిడియాలన్నవి ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కరలేదా అని నాగరత్నమ్మ తన పీఠికలో సూటిగానే అడిగింది. 1911లో అశ్లీలమన్న ఫిర్యాదు మీద ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో ఆ నిషేధం తొలగింది. పుస్తకం మళ్లీ అచ్చైంది 1952లో. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ సంవత్సరమే. దశాబ్దాల నిషేధం గురించి అందరూ మాట్లాడుతారు గానీ, నన్ను ఎక్కువగా బాధించేది దానికి ముందు, ఏ పోలీసూ లేకుండా, ఏ ఉత్తర్వూ లేకుండా, ఒక సంపాదకుడి బల్ల మీద నిశ్శబ్దంగా జరిగిన పని. నిషేధించిన పుస్తకానికి కనీసం నిషేధించినట్టు రుజువుంటుంది. పీఠిక తీసేసిన పుస్తకం చదివేవాడికి అందులో ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు.

పేరు నిలవకపోయినా మాట నిలిచిన సందర్భాలూ లేకపోలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న రామాయణపు పాటలు అలాంటివి. 'ఊర్మిళాదేవి నిద్ర' విన్నవారికి గుర్తుండే ఉంటుంది: పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చుంటే, ఊర్మిళ అతణ్ని గుర్తుపట్టక, పరాయి ఆడదాన్ని కోరి ఇంద్రుడు ఏమయ్యాడో, రావణుడు ఏమయ్యాడో తెలియదా అని గడగడ దులిపేస్తుంది. తన తప్పేమిటో తెలియకుండా పద్నాలుగేళ్లు వేచి ఉన్న ఇల్లాలికి నాలుగు మాటలు అనే అవకాశం ఇచ్చింది పురాణం కాదు, పాట. దాన్ని కట్టింది ఎవరో మనకు తెలియదు. ఆ పాటలను శ్రద్ధగా సేకరించి గత శతాబ్దపు నడిమి రోజుల్లో పుస్తకంగా వేసిన పెద్దలకు మనం రుణపడి ఉన్నాం. పాడి వినిపించిన ప్రతి ఇల్లాలి పేరు, ఆమె ఊరు ఆ పాట పక్కనే రాసి పెట్టే అలవాటు మొదటి నుంచీ మనకు ఉండి ఉంటే, ఏ ఊళ్లో ఏ కులంలో ఊర్మిళ ఎంత గట్టిగా తిట్టిందో ఈనాడు పోల్చి చూసుకునేవాళ్లం.

తొలితరం కథారచయిత్రి భండారు అచ్చమాంబ సంగతి ఇంకొంచెం వేరు. ఆమె పేరు పోలేదు, వరస పోయింది. 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో ఆమె కథలు అచ్చై ఉండగా, తెలుగు కథ 1910లో పుట్టిందని నేను కూడా ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చేత వల్లె వేయించాను. ఏది మొదటి కథ అన్న తగువులోకి నేను వెళ్లను. ఆ తగువులో ఆమెకు చోటు దొరకడానికే అన్ని దశాబ్దాలు పట్టిందని మాత్రం అంటాను.

ఎలా చేయాలో చూపించినవారూ మన మధ్యే ఉన్నారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం సభ్యులు టేపు రికార్డర్లు పట్టుకుని ఊళ్లు తిరిగి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవితాలను వాళ్ల మాటల్లోనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. చిట్యాల ఐలమ్మ, దూడల సలమ్మ, మల్లు స్వరాజ్యం తలా ఒక తీరుగా మాట్లాడుతారు ఆ పుస్తకంలో. మల్లు స్వరాజ్యం మాటా, ఐలమ్మ మాటా ఒకే మూసలో పోసినట్టు ఉండవు, ఉండకూడదు కూడా. ఐలమ్మ 1985 సెప్టెంబరులోనే చనిపోయింది. ఇంకో ఏడాది ఆలస్యమైనా ఆ గొంతు మనకు దక్కేది కాదు. ఆ పుస్తకంలో ఉద్యమం గొప్పతనంతోపాటు, ఉద్యమం ముగిశాక ఆడవాళ్లను మళ్లీ ఇళ్లకు పొమ్మన్నప్పటి కడుపుకోత కూడా ఉంది. సంస్కరించే చేయి పడి ఉంటే మొదట కొట్టుకుపోయేది ఆ పుటలే.

అలాగే గోగు శ్యామల సంపాదకత్వంలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'నల్లపొద్దు', 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని ఒక్కచోట చేర్చింది. దళిత స్త్రీలు రాయడం నిన్న మొన్ననే మొదలైందని అనుకునేవాళ్ల నోరు మూయించడానికి ఆ సంవత్సరాల అంకెలే చాలు. స్త్రీలందరి తరఫున అంటూ కొందరు స్త్రీలే మాట్లాడితే మిగిలినవాళ్ల మాట ఎలా మరుగున పడుతుందో, ఆ సంకలనం చదివాకే నాకు సరిగా తెలిసింది. సమానత్వమూ సంస్కృతీ అని మీ ప్రకటనలో పక్కపక్కన రాశారు కదా, అవి రెండూ నిజంగా పక్కపక్కన కూర్చునే చోటు ఇలాంటి పుస్తకం.

ఇక యాస అందదన్న మాట. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజైన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, మీ పత్రిక కూడా ఏటా సంపాదకీయం రాస్తుంది. ఆయన సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపిన మనిషి. అంతటి ఆయన పేరు చెప్పుకునే మనం, అనంతపురం అవ్వ 'పోవల్ల' అంటే విజయవాడ పాఠకుడికి అర్థం కాదని భయపడటం నాకు నవ్వు తెప్పిస్తుంది. కృష్ణా గుంటూరు జిల్లాల పలుకుబడి మా పిల్లలకు ఎవరు విడమరిచి చెప్పారని? చదవగా చదవగా తెలిసింది. మరీ అనుమానంగా ఉంటే పుట అడుగున, చెనిక్కాయ అంటే వేరుశనగకాయ అని చిన్న అక్షరాల్లో ఒక ముక్క వేస్తే సరిపోతుంది. నా కథలో యాస ఒక్కటే పోయి ఉంటే నేనింత నొచ్చుకునేదాన్ని కాదేమో. 'పోవల్లనా' అన్న మాటను దిద్దడానికి కూర్చున్నవారికి, ఆ మాటలోని ప్రశ్న కూడా దిద్దవలసిన తప్పులాగానే కనబడింది. మాట తీరును మొరటుగా భావించే చూపే, ఆ మాట అనే మనిషి ఆలోచననూ మొరటుగా చూస్తుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. అవ్వలు చెప్పే కథలన్నీ సమానత్వాన్ని చాటవు. నా నోటు పుస్తకాల్లో అత్త చేతి వాత తిని బుద్ధి తెచ్చుకున్న కోడళ్లు, గొడ్రాలి మొహం చూసి ప్రయాణం చెడిన షావుకార్లు, కులం పేరు పెట్టి తిట్టుకునే సామెతలు కొల్లలుగా ఉన్నాయి. ఆ చెరువు గండి కథ చెప్పిన అవ్వే, మరునాడు అడిగితే, నోరున్న కోడలి ఇల్లు నిలవదన్న కథ చెప్పింది. వాటిని ఏం చేయాలన్నది నిజమైన చిక్కే. నా మటుకు నేను వాటినీ దిద్దకుండా వేసి, పక్కన సంపాదకుడు తన మాట తన పేరుతో రాసుకోవడమే న్యాయమనుకుంటాను. పాఠకుడు రెండూ చదివి తేల్చుకుంటాడు. అవ్వ నోట్లో మన మాటలు పెట్టి, ఆమెను మనకు నచ్చిన స్త్రీవాదిగానో, మనకు నచ్చిన త్యాగమూర్తిగానో తయారుచేయడం రెండూ ఒకటే.

నీతి చెప్పడానికే పుట్టించే కథల గురించి కూడా ఒక మాట. సాధికారత పేరిట మన బడులకు వచ్చే చిన్న పుస్తకాల్లో అమ్మాయి కష్టపడి చదువుతుంది, బాల్యవివాహం తప్పించుకుంటుంది, చివరి పుటలో కలెక్టరై కారు దిగుతుంది. అలా దిగిన కలెక్టర్లందరికీ పోస్టింగులు ఇవ్వాలంటే రెండు రాష్ట్రాల్లో జిల్లాలు చాలవు. పిల్లలు వాటిని చదువుతారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. అవ్వ కథలోని ప్రశ్నను మాత్రం మా తరగతి పిల్లలు మరిచిపోలేదు. ఆ తర్వాత చాలా రోజులు, తరగతి ఊడ్చే వంతు ఆడపిల్లలకే వస్తోందని తోచినప్పుడల్లా, ఎవరో ఒకరు వెనక బెంచీ నుంచి "మేమే పోవల్లనా?" అని అరిచేవారు. నెల తిరిగేసరికి చీపురు మగపిల్లల చేతికీ వెళ్లింది. నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

కాబట్టి మీ ప్రత్యేక సంచిక విషయంలో నేను కోరేది పెద్ద పెద్దవేమీ కావు. చెప్పిన మనిషి పేరు, ఊరు కథ శీర్షిక కిందే వేయండి. రాసుకున్నవారి పేరు, సేకరించినవారి పేరు ఆ తర్వాత. ఎక్కడైనా తగ్గించక తప్పదనుకుంటే, పత్రికలో చోటు సమస్య నాకు తెలియనిది కాదు గనుక, తగ్గించిన ప్రతిని అచ్చుకు ముందే పంపినవారికి చూపించండి. చదువురాని అవ్వ అయితే ఎవరైనా చదివి వినిపిస్తారు. కాదన్న హక్కు ఆమెకు ఉండాలి. పారితోషికం ఇచ్చేటట్టయితే అందులో చెప్పినవారి వాటా మరిచిపోకండి. ఈ కథలను వంటల పుటకూ సౌందర్య చిట్కాల పుటకూ మధ్య ఇరికించకండి. స్త్రీల రచనలను స్త్రీల పుటలోనే వేస్తే మగవాళ్లు ఆ కాగితం తిప్పేస్తారన్నది, నలభై ఏళ్లుగా మా ఇంట్లో పొద్దున పూట కళ్లారా చూస్తున్నాను.

ఒక్క సంచికతో ఆగిపోకుండా ఉండాలంటే గ్రంథాలయాలు కలిసిరావాలి. మనం కట్టే ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నామన్నది చాలామంది గమనించని సంగతి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది ప్రధానంగా దాని మీదే. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు సకాలంలో గ్రంథాలయాలకు జమ చేయకపోవడం మీ పత్రికలో తరచు వచ్చే వార్తే. ఆ డబ్బులో కొంచెమైనా పెట్టి, ప్రతి జిల్లాలోనూ స్త్రీలు చెప్పిన కథలను, పాటలను వాళ్ల పేర్లతో వాళ్ల పలుకుబడిలోనే ఏడాదికి ఒక చిన్న పుస్తకంగా వేసి, శాఖా గ్రంథాలయాలన్నింటికీ ఒక్కో ప్రతి పంపితే, ముందు ఆ ఊరివాళ్లే వచ్చి చదువుతారు. తమ అవ్వ పేరు అచ్చులో ఉందంటే రాని మనవరాలు ఉండదు. పాత సంచికల్లో పడి ఉన్న రచయిత్రుల కథలను మళ్లీ అచ్చువేయడం కూడా ఇందులో భాగం కావాలి. ఒకసారి అచ్చై ప్రతులు దొరకని పుస్తకం, పాఠకుడి వరకూ, అచ్చుకానిదానితో సమానం.

ఆ చెరువు గండి కథ అసలు ప్రతి, ఆ అమ్మాయి నోటు పుస్తకంలోని నాలుగు పుటల నకలు, ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. కిందటి వారం వాళ్ల ఊరు వెళ్లి అవ్వను కలిశాను. కళ్లు మసకబారాయి గానీ మాట అలాగే ఉంది. మళ్లీ అచ్చుకు ఇవ్వనా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, ఒక షరతు మీద సరేనంది. ఈసారి అచ్చైన కాగితం మనవరాలు చదివేటప్పుడు, కోడలు అడిగిన మాట దగ్గరికి రాగానే తాను ఆపి చూస్తుందట. ఆ మాట ఉంటేనే మిగతాది వింటుందట. నకలు చివరి పుటలో ఆమె వేలిముద్ర ఉంది, దాని పక్కనే మనవరాలి చేతిరాతతో ఆమె పేరు ఉంది. ఆ పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. అది కథ పైనే మొదట కనబడాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
అనంతపురం జిల్లా